పీల్చే గాలికి చీటీ

సరదాకి సముద్రంలో మునిగేవాళ్ళకి హీలియం వాడకం నేర్పించాలా వద్దా అన్నది స్కూబా లోకంలో ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న తగువు. "నలభై మీటర్లు దాటనివాడికి హీలియం ఎందుకు, అది నేవీ వాళ్ళకీ, ఆయిల్ కంపెనీల డైవర్లకీ సంబంధించిన సరుకు" అంటుంది ఒక పక్షం. "ముప్పై మీటర్లు దాటాక మామూలు గాలి పీల్చుకుంటూ తిరగడమే అసలు పిచ్చి పని" అంటుంది ఇంకో పక్షం. రెండు వైపులా బాగా అనుభవం ఉన్నవాళ్ళే. రెండు వైపుల వాళ్ళకీ నీళ్ళలో పోయిన స్నేహితులున్నారు. కాబట్టి మాటలు కొంచెం ఘాటుగానే ఉంటాయి.

ఇందులో తలదూర్చడానికి నాకున్న అర్హత పెద్దదేం కాదు. పుట్టి పెరిగింది పటాన్‌చెరు దగ్గర. ఎటు నడిచినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. మాకు తెలిసిన నీళ్ళంటే మంజీరా, సింగూరు డ్యాము, ఇంకా చెప్పుకోవాలంటే ఫ్యాక్టరీల నీళ్ళు మోసిన నక్కవాగు. చదివింది ఇంజనీరింగ్. రోజూ ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి గచ్చిబౌలి పోయి కోడ్ రాసి వస్తాను. మిగిలిన టైములో పుస్తకాలు చదివి వాటి మీద ఏదో ఒకటి రాస్తుంటాను. ఆరేళ్ళ కింద అండమాన్‌లో మొదటిసారి మునిగాను. నిరుడు థాయిలాండ్‌లో కో టావ్ అనే చిన్న దీవికి పోయి, హీలియం కోర్సుల్లో తొలిమెట్టు అయిన నలభై ఐదు మీటర్ల కోర్సు చేసి వచ్చాను. ఆ సంగతి ఇంట్లో చెప్తే మా నాయిన ఒకటే అడిగాడు: "గాలి కొనుక్కోని పీల్చెతందుకు గంత దూరం పోవాల్నా?"

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసిన మనిషి. వెటకారంగా అడగలేదు. గాలికి డబ్బులు కట్టడం ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కావడానికి కొంత టైం పట్టింది.

ముందు అసలు సమస్య ఏమిటో చూద్దాం. నీళ్ళలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. నలభై మీటర్ల దగ్గర మొత్తం ఐదు. రెగ్యులేటర్ మనకి గాలిని ఆ ఒత్తిడిలోనే అందిస్తుంది. అలా ఇవ్వకపోతే ఛాతీ పైకి లేవదు. అంటే అక్కడ పీల్చే ఒక్కో ఊపిరిలో ఒడ్డు మీద కంటే ఐదింతల నైట్రోజన్ ఉంటుంది. ఒడ్డు మీద మన జోలికి రాని ఆ నైట్రోజనే అక్కడ మత్తెక్కిస్తుంది. కూస్తో బృందం దీనికి అగాధాల మత్తు అని పేరు పెట్టింది. 1947లో ఆ బృందంలోని మోరిస్ ఫార్గ్ అనే డైవర్ నూట ఇరవై మీటర్ల దాకా గాలితో దిగి, ఆ మత్తులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ మత్తుతో అసలు చిక్కు, అది ఎక్కిన సంగతి ఎక్కినవాడికి తెలియకపోవడం. దావత్‌లో "నేనేం తాగలే" అని అందరికంటే గట్టిగా అనేది ఎవరో మనకి తెలుసు కదా. నీళ్ళ కింద అనడానికి నోరుండదు, వినేవాడూ ఉండడు. సైగ చేసి బాగున్నానంటాడు, అంతే.

రెండో సమస్య గాలి చిక్కదనం. దీన్ని చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి బరువెక్కుతుంది. ముప్పై మీటర్ల దగ్గర లీటరు గాలి ఐదు గ్రాములు దాటుతుంది. 2016లో గావిన్ ఆంథొనీ, సైమన్ మిచెల్ అనే ఇద్దరు, డైవర్ల మీద చేసిన పరీక్షల ఫలితాలన్నీ ముందేసుకుని రెండు గీతలు గీశారు. పీల్చే గాలి సాంద్రత లీటరుకు 5.2 గ్రాములు మించకుండా చూసుకోండి, 6.2 మాత్రం దాటనివ్వకండి అన్నారు. అది దాటితే ఊపిరి ఆడించడమే ఒక కూలిపని అవుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా ఒంట్లోనే పేరుకుంటుంది. మత్తునీ, భయాన్నీ రెండింటినీ ఎగదోసేది అదే. ఇప్పుడు లెక్క చూడండి. మామూలు గాలితో మొదటి గీత దాదాపు 31 మీటర్ల దగ్గర వస్తుంది, రెండోది 39 దగ్గర. సరదా డైవర్లకి ప్రపంచమంతా ఒప్పుకున్న లోతు పరిమితేమో 40. అంటే పుస్తకం ప్రకారం, కార్డు ప్రకారం, ఏ రూలూ తప్పకుండా దిగినవాడు కూడా చివరి మీటరులో ఎర్రగీత దాటేస్తున్నాడు.

హీలియం పనికొచ్చేది ఇక్కడే. నైట్రోజన్ అణువు బరువు 28 అయితే హీలియం 4. మనం దిగే లోతుల్లో దానికి మత్తు లేదు. నా కోర్సులో వాడిన మిశ్రమంలో ఆక్సిజన్ 21 పాళ్ళు, హీలియం 35, మిగతా 44 నైట్రోజన్. వాడుకలో దీన్ని ఇరవై ఒకటి–ముప్పై ఐదు అంటారు. నలభై మీటర్ల దగ్గర దీని సాంద్రత లీటరుకు 4.6 గ్రాములు. మత్తేమో గాలితో ఇరవై రెండు, ఇరవై మూడు మీటర్ల దగ్గర ఉండేంతే. ఆక్సిజన్ పాలు మామూలు గాలిలో ఉన్నంతే కాబట్టి ఒడ్డు మీద కూడా నిక్షేపంగా పీల్చొచ్చు. అరవై, డెబ్బై మీటర్లు దిగేవాళ్ళ మిశ్రమాలు అలా కాదు. వాటిలో ఆక్సిజన్ అంతకంటే తక్కువ ఉంటుంది. పది పాళ్ళదాన్ని పడవ మీద నోట్లో పెట్టుకుని పీలిస్తే మనిషి అక్కడే కూలబడతాడు.

ఈ హీలియం మొదటి ఆనవాళ్ళలో మన ఊళ్ళ పేర్లున్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్స్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ పెట్టుకుని కూర్చున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఇంకో బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగుని విడదీసి చూస్తే కొన్ని మెరిసే గీతలు కనబడ్డాయి. వాటిలో పసుప్పచ్చది ఒకటి. సోడియం గీతేలే అనుకున్నారు చాలామంది. ఆ అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్, గ్రహణం అవసరం లేకుండానే ఆ గీతని పట్టుకుని, ఇది సోడియం కాదన్నాడు. గ్రీకులో సూర్యుడి పేరు హీలియోస్ కాబట్టి ఆ కొత్త మూలకం హీలియం అయింది. అది భూమ్మీద దొరకడానికి ఇంకో ఇరవై ఏడేళ్ళు పట్టింది. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీశాడు.

గుంటూరు ఎండలో కనబడ్డ గీత సముద్రం అడుగుకి చేరడానికి మళ్ళీ కొన్ని దశాబ్దాలు. 1919లో ఎలిహు థామ్సన్ అనే ఇంజనీరు, డైవర్లకి నైట్రోజన్ బదులు హీలియం ఇచ్చి చూడండి అన్నాడు. 1937 డిసెంబర్‌లో మాక్స్ నోల్ అనే కుర్రాడు మిషిగన్ సరస్సులో హీలియం, ఆక్సిజన్ కలిపి పీలుస్తూ 128 మీటర్లు దిగాడు. 1939లో అమెరికా జలాంతర్గామి స్క్వాలస్ మునిగిపోతే, ముప్పై ముగ్గురిని ప్రాణాలతో బయటికి తెచ్చారు. ఆ తర్వాత నౌకని పైకి తీసే పనిలో నేవీ డైవర్లు హీలియం వాడారు. అక్కడినుంచి అది సైన్యాలదీ, ఆయిల్ కంపెనీలదీ అయిపోయింది. 2025 జులైలో విశాఖలో నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ లాంటి నౌక మూడు వందల మీటర్ల దాకా డైవర్లని దింపగలదంటే దాని వెనక ఉన్నది ఇదే గ్యాసు. ఆ నౌకని కట్టింది కూడా విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే.

సరదా డైవర్ల చేతికి అది వచ్చింది ఫ్లోరిడా గుహల దారిలో. 1987లో వకుల్లా స్ప్రింగ్స్ అన్వేషణలో హీలియం మిశ్రమాలు బాగా పనిచేశాక, అందులోంచి శిక్షణ సంస్థలు పుట్టుకొచ్చాయి. అప్పుడు మొదలైంది తగువు. నిజానికి హీలియం కంటే ముందు తన్నులు తిన్నది నైట్రాక్స్. అది ఆక్సిజన్ కాస్త ఎక్కువ కలిపిన గాలి, అంతే. 1990ల మొదట్లో కొందరు దాన్ని దెయ్యపు గ్యాసు అన్నారు. డైవింగ్ పరిశ్రమ పెద్ద ఎగ్జిబిషన్‌లో అది నేర్పేవాళ్ళకి చోటివ్వమన్నారు. తర్వాత వెనక్కి తగ్గారు. ఇవాళ అదే నైట్రాక్స్‌ని, ఈత కొలనులో నెల కింద మొదటి బుడగలు వదిలినవాడికి కూడా ఒక్క రోజులో నేర్పిస్తున్నారు. హీలియం కూడా ఆ దారినే వస్తుందని ఒకరి ఆశ. వస్తుందేమోనని ఇంకొకరి భయం.

ఈ తగువుకి ఒక పుస్తకం కాదు, రెండు పుస్తకాలున్నాయి. న్యూజెర్సీ తీరానికి దూరంగా, డెబ్బై మీటర్ల లోతులో ఉన్న జర్మన్ జలాంతర్గామి యు-869 గురించి రాబర్ట్ కర్సన్ రాసిన 'షాడో డైవర్స్', బెర్నీ చౌధురి రాసిన 'ది లాస్ట్ డైవ్'. మొదటిది ఎక్కువమంది చదివింది. ఇది ఎవరి జలాంతర్గామి అన్న ప్రశ్న పట్టుకుని థ్రిల్లర్‌లా పరుగెడుతుంది. నాకు రెండోది దగ్గరైంది. చౌధురి తనే డైవర్, తనే డీకంప్రెషన్ జబ్బు పడి లేచినవాడు, చనిపోయినవాళ్ళ స్నేహితుడు. కర్సన్‌కి ఆ తండ్రీకొడుకులు కథలో ఒక ఘట్టం. చౌధురికి కథే వాళ్ళు. 1992 అక్టోబర్‌లో క్రిస్ రౌజ్, అతని కొడుకు క్రిస్సీ ఆ నౌకలోకి దిగారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ రోజు వాళ్ళ సిలిండర్లలో హీలియం లేదు, మామూలు గాలే. లోపల కొడుకు మీద బరువు కూలింది, తండ్రి విడిపించాడు. దారి తప్పారు. చేయాల్సిన ఆగడాలేవీ చేయకుండా పైకి వచ్చేశారు. ఇద్దరూ పోయారు. హీలియం ఉంటే బతికేవాళ్ళని నేను అనను. ఆ నిమిషాల్లో వాళ్ళ బుర్రలు ఎంత పనిచేశాయో ఎవరికీ తెలీదు. కానీ ఆ ప్రశ్న అడగకుండా ఆ పుస్తకం మూయలేం.

కోర్సు విషయానికొస్తే, మొదటి రోజు నీళ్ళ మొహమే చూడలేదు. బోర్డు మీద లెక్కలు. రెండు వందల బార్ ఒత్తిడికి ఇరవై ఒకటి–ముప్పై ఐదు నింపాలంటే ముందు ఖాళీ సిలిండర్‌లోకి హీలియం 70 బార్. తర్వాత ఆక్సిజన్ సుమారు 18.6. మిగతా 111.4 కంప్రెసర్ గాలి. ఇంటర్మీడియట్ పిల్లాడు చేసే రెండు సమీకరణాల లెక్కే. కాకపోతే జవాబు తప్పితే మార్కులు పోవడంతో ఆగదు.

ఆ తర్వాత అసలు పాఠం. సిలిండర్‌లో ఏముందో కొలవడం. ఎనలైజర్‌ని ముందు బయటి గాలికి పట్టి 20.9 చూపిస్తోందో లేదో చూసుకోవాలి. అప్పుడు సిలిండర్ వాల్వ్ కొంచెం తెరిచి ఆక్సిజన్ ఎంతో, హీలియం ఎంతో చదవాలి. తెల్ల టేపు ముక్క మీద ఆ అంకెలు, దిగగల గరిష్ఠ లోతు, తేదీ, పేరు పొడి అక్షరాలు రాసి సిలిండర్ మెడకి అంటించాలి. ఈ పని నింపినవాడు చేస్తే చాలదు. ఇన్‌స్ట్రక్టర్ చేసినా చెల్లదు. పీల్చేవాడే తన చేత్తో కొలవాలి, తన చేత్తో రాయాలి. చీటీ లేని సిలిండర్ నోట్లో పెట్టుకోకూడదు. ఇంకొకడు రాసిన చీటీ ఉన్నా, నువ్వు కొలవనిదాన్ని పెట్టుకోకూడదు.

మూడో రోజు పొద్దున మా ఇన్‌స్ట్రక్టర్ ఒక సిలిండర్ నా ముందు పెట్టి, "నిన్న రాత్రే కొలిచాను, ఎక్కించుకో" అన్నాడు. ఆయన చేతిరాతతోనే చీటీ ఉంది, ఇరవై ఒకటి–ముప్పై ఐదు అని. నేను ఎనలైజర్ పెట్టాను. ఆక్సిజన్ ముప్పై రెండు, హీలియం సున్నా. అది నైట్రాక్స్. దాని హద్దు ముప్పై మూడు మీటర్లు. దాంతో నలభై ఐదు దిగితే ఆక్సిజన్ విషమై మూర్ఛ రావచ్చు. మూర్ఛలో రెగ్యులేటర్ నోట్లోంచి జారుతుంది. ఆయన నవ్వలేదు, శభాష్ అనలేదు. నోట్‌బుక్‌లో టిక్ పెట్టుకుని అసలు సిలిండర్ తెచ్చిచ్చాడు. ప్రతి బ్యాచ్‌కీ ఏదో ఒక రోజు ఇలా చేస్తాడట.

ఆ రోజు నలభై రెండు మీటర్లు దిగాం. అంతకు ముందు ఏడాది గాలితో ముప్పై ఎనిమిది దాకా పోయాను. ఆ డైవ్ గురించి నాకు గుర్తున్నదల్లా చాలా బాగుందని. ఏం బాగుందో చెప్పమంటే చెప్పలేను. ఒక నీలం, ఒక హాయి, అంతే. హీలియంతో దిగిన డైవ్ మాత్రం వివరంగా గుర్తుంది. పలక మీద రాసుకున్న అంకెలు, ప్రెజర్ గేజ్ ఎంత చూపించిందో, నా జోడీ డైవర్ ఎడమ ఫిన్ పట్టీ వదులుగా ఉండటం, కొంచెం చలి. చాలామంది హీలియం అంటే ఎక్కువ లోతుకి టికెట్ అనుకుంటారు. నాకు అందులో దొరికింది, ఉన్న లోతులోనే నా తెలివి నా దగ్గర ఉండటం.

తిరిగొచ్చాక మా బావతో ఇదంతా చెప్తున్నాను. బావ మా బెల్ట్‌లోనే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు.

"బావా, మీ ల్యాబ్‌ల హీలియం ఉంటదా?"

"ఎందుకుండదు? జీసీకి అదే కదా. ఏం, బుగ్గలూదుతవా?"

జీసీ అంటే గ్యాస్ క్రొమాటోగ్రఫీ. మందులో మిగిలిపోయిన సాల్వెంట్లు ఎన్ని పాళ్ళున్నాయో కొలిచే యంత్రం. ఆ శాంపిల్‌ని సన్నటి గొట్టంలోంచి మోసుకుపోయేది హీలియం. ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రాల అయస్కాంతాలని చల్లబరిచేదీ ద్రవ హీలియమే. సముద్రం లేని ఊరు కానీ హీలియం లేని ఊరేం కాదు మాది. నేను టేపు ముక్క సంగతి చెప్పాను. పీల్చేవాడే కొలవాలి అన్న రూలు చెప్పాను. బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నైట్రోజన్ సంగతి ఎత్తాడు.

రియాక్టర్లలో సాల్వెంట్ ఆవిరి ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే నిప్పు భయం. అందుకని లోపల నైట్రోజన్ నింపి ఉంచుతారు. మంచి పద్ధతే. కానీ ఆ రియాక్టర్ కడగడానికో, లోపల పడ్డ ఏదైనా తీయడానికో మనిషి మ్యాన్‌హోల్‌లోంచి దిగాల్సొచ్చినప్పుడు ఆ నైట్రోజన్ అక్కడే ఉంటే రెండు మూడు ఊపిరులు చాలు. బావ తొలిరోజుల్లో పనిచేసిన ఇంకో చోట ఒక కాంట్రాక్టు కుర్రాడు అలాగే దిగాడు. ఒడిశా నుంచి వచ్చినవాడు. కిందపడటం చూసి, తీద్దామని ఇంకొకడు దిగాడు. ఇద్దరినీ బయటికి తీశారు, ఒక్కడే బతికాడు. పర్మిట్ కాగితం ఉందట. దాని మీద సంతకం ఉందట. ఆక్సిజన్ ఎంత అన్న గడిలో అంకె కూడా ఉందట. ఆ అంకె ఎప్పుడు చూసి రాశారో ఎవరూ చెప్పలేదు. బతికినవాడు బావతో అన్నది ఒకటే: "వాసనేం రాలేదన్నా."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే మా బెల్ట్‌లో పెరిగిన ఎవరికైనా ఒంటబట్టిన రూలు అదే. వాసన వస్తే ప్రమాదం, రాకపోతే ఫర్వాలేదు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం వైపు చలికాలం రాత్రి గాలి ఇటు తిరిగితే కుళ్ళిన క్యాబేజీ వాసనో, ఘాటైన మందుల వాసనో వస్తుంది. లేచి కిటికీలు మూసి తడిగుడ్డ పెట్టుకుని పడుకుంటాం. పొద్దున వాసన పోతే మర్చిపోతాం. ముక్కు మీద మాకు అంత నమ్మకం. నైట్రోజన్ ఆ నమ్మకాన్నే దెబ్బ కొడుతుంది. మనకి ఊపిరాడటం లేదని ఒంటికి చెప్పేది ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. నైట్రోజన్‌లో నిలబడి ఊపిరి తీసి వదులుతుంటే కార్బన్ డయాక్సైడ్ హాయిగా బయటికి పోతూనే ఉంటుంది. గుండె దడ ఉండదు, ఉక్కిరిబిక్కిరి ఉండదు. కాళ్ళు మాత్రం ఉన్నట్టుండి ఉండవు. నలభై మీటర్ల నీళ్ళ కింద మత్తెక్కినవాడూ, రియాక్టర్‌లో దిగినవాడూ ఒకటే రకంగా మోసపోతున్నారు. బాగానే ఉందని ఒళ్ళు చెప్తోంది. అది తప్పని చెప్పగలిగేది మీటరు ఒక్కటే.

ఈ రెండు లోకాలూ మొదట్లో వేరు కావు. వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో 1896లో పేలుడు జరిగితే, జె.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త వెళ్ళి శవాలు పరీక్షించి, ఎక్కువమంది పేలుడుకి కాదు, తర్వాత వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కి చనిపోయారని తేల్చాడు. అది వాసన లేని గ్యాసు. గనుల్లోకి చిన్న పిట్టని తీసుకెళ్ళే ఆలోచన ఆయన చెప్పిందే. అదే హాల్డేన్ 1908లో మేకల మీద పరీక్షలు చేసి, డైవర్లు పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో మొదటి పట్టికలు ఇచ్చాడు. ఇవాళ నా చేతి గడియారం లాంటి కంప్యూటర్‌లో నడిచే లెక్కకి తాత అదే. అంతకు ముందు ఆ జబ్బుకి కైసన్ జబ్బు అని పేరు. వంతెనల పునాదుల కోసం నది అడుగున ఒత్తిడి గదుల్లో మట్టి తవ్విన కూలీల జబ్బు. అంటే నేను సెలవు పెట్టి, ఫీజు కట్టి నేర్చుకున్న చదువంతా మొదట కూలీల ఒళ్ళ మీద రాసింది.

చట్టంలో కూడా ఈ సంగతి లేకపోలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. ట్యాంకు, గొయ్యి, గొట్టం లాంటి మూసి ఉన్న చోటికి మనిషి దిగాలంటే, యోగ్యుడైన వ్యక్తి తనే స్వయంగా పరీక్ష చేసి లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా ఇవ్వాల్సి ఉండేది. లేదా దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకి తాడు, తాడు కొస పట్టుకుని బయట ఒక మనిషి ఉండాల్సి వచ్చేది. డెబ్బై ఏళ్ళ కిందటి వాక్యాలకి ఇది చాలా మంచి రాత. కానీ అందులో కొలిచేవాడు ఒకడు, పీల్చేవాడు ఇంకొకడు. డైవర్లకి మాత్రం ఆ ఇద్దరూ ఒకడే. ఈ తేడా చిన్నది కాదు. కొలిచేవాడికి ఆ రోజు పది పర్మిట్లుంటాయి, పైనుంచి తొందరుంటుంది. పీల్చేవాడికి ఉన్నది ఒక్క ఊపిరితిత్తుల జత.

సరే, తగువు దగ్గరికి మళ్ళీ వద్దాం. హీలియం వద్దనేవాళ్ళ మాటల్లో మూడింటికి బరువుంది. ఒకటి, బుర్ర తేటగా ఉందన్న ధైర్యంతో మనిషి ఇంకా లోతుకి పోతాడు. ఇది నిజం. పోయినవాళ్ళున్నారు. రెండు, ఖర్చు. మన దేశానికి హీలియం దిగుమతే దిక్కు, ఖతార్ లాంటి చోట్ల నుంచి. ధర పెరిగితే ముందు ఇబ్బంది పడేది ల్యాబులు, ఎమ్మారై స్కానింగులు. నలభై మీటర్ల దగ్గర నిమిషానికి సుమారు వంద లీటర్ల మిశ్రమం పీల్చి బుడగలుగా వదిలేస్తాం. అందులో ముప్పై ఐదు లీటర్లు హీలియం. అది నీళ్ళలోంచి గాల్లోకి, గాల్లోంచి అంతరిక్షంలోకి పోయేదే, మళ్ళీ రాదు. నా సరదాకి ఇంత ఖర్చా అని అనిపించకపోతే మనలో ఏదో లోపం ఉన్నట్టే. మూడు, ఎక్కువ రకాల గ్యాసులంటే తప్పు సిలిండర్ పట్టుకునే అవకాశాలూ ఎక్కువే.

అయినా నేను నేర్పించాలనే పక్షం. ముప్పై మీటర్లలోపు ఉండేవాడికి గాలి, నైట్రాక్స్ చాలు, అతనికి హీలియం అమ్మేవాడు వ్యాపారం చేస్తున్నాడు. కానీ ముప్పై నుంచి నలభై దాకా పోవచ్చని కార్డిచ్చి, ఆ పది మీటర్లలో అతని బుర్రకీ ఊపిరికీ ఏమవుతుందో చెప్పకుండా పంపడం న్యాయం కాదు. హీలియం వాడకపోయినా ఫర్వాలేదు, ఆ లెక్క అతనికి రావాలి. లెక్క వచ్చినవాడు చాలాసార్లు ఇరవై ఎనిమిది దగ్గరే ఆగి, ఇవాళ్టికి ఇది చాలనుకుంటాడు. నేనిప్పుడు చేసేది చాలావరకు అదే.

నాయిన ప్రశ్నకి కూడా జవాబు అక్కడే దొరికింది. నేను కొనుక్కున్నది గాలిని కాదు, నేను పీల్చేది ఏమిటో నేనే చూసుకునే హక్కుని. దాన్ని ఆయనకి ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఇవ్వలేదు, అమ్మనూ లేదు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో యాభై మందికి పైగా పోయాక మా దిక్కు ఇళ్ళల్లో చాలా రోజులు ఇవే మాటలు నడిచాయి. ఆ ప్రమాదం కథ వేరు, గ్యాసు పీల్చడం కాదు. కానీ లోపల ఏం నడుస్తోందో పనిచేసేవాడికి ఎంత తెలుసు అన్న ప్రశ్న అక్కడా అదే.

చొక్కా జేబుకి తగిలించుకునే చిన్న ఆక్సిజన్ మీటర్లు వస్తాయి. పందొమ్మిదిన్నర శాతం కిందికి పోతే మోగుతాయి. నా కోర్సు ఫీజుతో అలాంటివి అరడజను పైనే కొనొచ్చు. బావ వాళ్ళ ప్లాంటులో ఉన్నవి రెండు, అవి సేఫ్టీ ఆఫీసర్ అల్మారాలో ఉంటాయి. పోయిన నెల సేఫ్టీ కమిటీ మీటింగులో బావ ఒక మాట అడిగాడట: పర్మిట్ ఫారంలో ఇంకో గడి పెట్టండి, దిగేవాడు మీటరు తన చేతిలో పట్టుకుని, అంకె తనే చదివి, తన చేత్తో రాయాలి, రాయడం రాకపోతే ఆ అంకె పైకి చదివి వేలిముద్ర వేయాలి. ఒక సీనియర్ నవ్వి, "వానికి అంకె తెలిస్తే దిగుతాడానయ్యా" అన్నాడట. మిగతావాళ్ళు కూడా నవ్వారట. ఫారం మార్చాలా వద్దా అన్నది వచ్చే మీటింగుకి వాయిదా పడింది.